పెంపుడు కుక్కలలో క్లోమం వాపు: గుర్తింపు, చికిత్స, పథ్యం



కనుమ నాడు ఇంట్లో మాంసం వండుకుంటాం. అందరూ తిన్నాక మిగిలిన కొవ్వు ముక్కలు, కోడి తోలు, మూలుగ ఎముకలు, నూనె తేలే కూర అడుగు, అన్నీ ఒక చట్టిలో కలిపి కుక్క ముందు పెడతాం. ఏడాది పొడుగునా వాకిట్లో కాపలా కాసింది, దానికీ పండుగే కదా అనుకుంటాం. పెళ్ళిళ్ళలో, జాతరలలో అయితే మనం పెట్టనక్కర లేదు. పందిరి వెనుక ఎంగిలి విస్తళ్ళ కుప్ప దగ్గర అదే వెళ్ళి కడుపు నింపుకుంటుంది.

ఆ రాత్రో, మర్నాడు తెల్లవారుజామునో వాంతి మొదలవుతుంది. మొదట తిన్నది పడుతుంది. తరువాత నురగ, ఆపైన పసుపుపచ్చని పసరు. కుక్క తిండి వైపు చూడదు. పిలిస్తే తోక ఆడించదు. ఒక మూల నడుము వంచుకుని నిలబడుతుంది. ఇంట్లో వాళ్ళు ఒకరు వేడి చేసిందంటారు, ఒకరు ఎవరో మందు పెట్టారంటారు, ఒకరు రెండు రోజులు పస్తుంటే అదే సర్దుకుంటుందంటారు. చాలాసార్లు సర్దుకుంటుంది కూడా. కానీ కొన్ని కుక్కలలో ఇది మామూలు అజీర్తి కాదు. క్లోమం అనే గ్రంథి వాచిపోవడం. దీనినే డాక్టర్లు పాంక్రియాటైటిస్ అంటారు. ఈ జబ్బులో ఇంటి దగ్గర గడిపేసిన ఆ రెండు రోజులే కుక్క ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఈనాటి ప్రసంగంలో ఈ జబ్బును ఎలా గుర్తుపట్టాలి, వైద్యం ఎలా సాగుతుంది, తరువాత ఏ పథ్యం పెట్టాలి అన్న విషయాలు మనవి చేస్తాను.

ముందుగా క్లోమం అంటే ఏమిటో తెలుసుకుందాం. జీర్ణకోశానికి ఆనుకుని, చిన్నప్రేగు మొదటి భాగం పక్కగా, లేత గులాబి రంగులో రెండు కొమ్మలుగా ఉండే గ్రంథి ఇది. మన సరిహద్దు జిల్లాల వాళ్ళు ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టరుగారు దీన్ని తమ భాషలో చెప్పవచ్చు. కన్నడంలో మేదోజ్జీరక గ్రంథి అంటారు. తమిళంలో కణయం, ఒరియాలో అగ్న్యాశయం, మరాఠీలో స్వాదుపిండం. పేరు ఏదైనా అవయవం ఒకటే.

ఈ గ్రంథి రెండు పనులు చేస్తుంది. మొదటిది, తిన్న కొవ్వును, మాంసకృత్తులను, పిండిపదార్థాన్ని అరిగించే రసాలు తయారుచేసి చిన్నప్రేగులోకి పంపడం. రెండోది, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను తయారుచేయడం. ఈ రెండో సంగతి లోకానికి తెలిసింది కుక్కల వల్లనే. 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమం తొలగించి చూస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు కుక్కల క్లోమం నుంచి తీసిన సారంతో, మధుమేహం వచ్చిన కుక్కలలో చక్కెర తగ్గించగలిగారు. ఈనాడు కోట్లమంది మనుషులు వాడుకుంటున్న ఇన్సులిన్‌కు నాంది అదే. అంటే కుక్క క్లోమానికి మనిషి కొంత రుణపడి ఉన్నాడన్నమాట.

ఇక జబ్బు సంగతి. క్లోమంలో తయారయ్యే జీర్ణరసాలు చాలా ఘాటైనవి. మాంసాన్ని కరిగించే రసం, ఆ గ్రంథి కూడా మాంసమే అయినప్పుడు, దాన్నే ఎందుకు కరిగించదు? ఎందుకంటే ఆ రసాలు గ్రంథిలో ఉన్నంతసేపూ నిద్రలో ఉంటాయి. ప్రేగులోకి చేరిన తరువాతే మేలుకుంటాయి. ఏదో కారణం చేత అవి ప్రేగుకు చేరకముందే, గ్రంథిలోనే మేలుకున్నాయనుకోండి. అప్పుడు క్లోమం తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. గ్రంథి వాస్తుంది, చుట్టూ ఉన్న కొవ్వు దెబ్బతింటుంది, భరించరాని నొప్పి పుడుతుంది. జబ్బు ముదిరితే ఆ విషప్రభావం రక్తంలో కలిసి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి.

ఏ కారణం వల్ల వస్తుంది? చాలా కుక్కల్లో ఫలానా కారణమని వేలు పెట్టి చూపలేము. అయితే కొన్ని పరిస్థితుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్కసారిగా కొవ్వు ఎక్కువ ఉన్న తిండి తినడం, చెత్తకుప్పలో దొరికిందల్లా తినడం మొదటిది. ఒళ్ళు చేసిన కుక్కలు, నడివయసు దాటిన కుక్కలు రెండోది. రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉండేవి, మధుమేహం, థైరాయిడ్ లోపం వంటి జబ్బులున్నవి మూడోది. మినియేచర్ ష్నాజర్, కాకర్ స్పానియల్, డాక్స్‌హుండ్, పూడిల్ వంటి జాతులలో ఎక్కువగా చూస్తాం. అలాగని మన ఊరకుక్కకు, ముధోల్ వేటకుక్కకు, రాజపాళయానికి రాదని కాదు. ఏ కుక్కకైనా రావచ్చు.

పల్లెల్లో ఉండేవారు గమనించవలసిన కారణాలు మరి రెండు ఉన్నాయి. పిడుదులు, కొన్నిచోట్ల గోమార్లు అంటారు, వాటి ద్వారా వచ్చే బెబీసియా జ్వరంలో క్లోమం కూడా వాచే అవకాశం ఉంది. అలాగే పొలంలో కొట్టే ఆర్గనోఫాస్ఫరస్ జాతి పురుగుమందులు కుక్క కడుపులోకి పోయినా ఈ వాపు రావచ్చు. పిచికారీ చేసిన రోజు డబ్బాలు, మందు కలిపిన బకెట్లు కుక్కకు అందకుండా పెట్టండి. మూర్ఛకు ఫినోబార్బిటాల్, పొటాషియం బ్రోమైడ్ వాడే కుక్కలలోనూ ఒక కన్నేసి ఉంచాలి. అయితే ఆ మందులను మీ అంతట మీరు ఆపవద్దు. మూర్ఛ తిరగబెడుతుంది.

ఎలా గుర్తుపట్టాలి? ముఖ్యమైన గుర్తులు మూడు. ఆగని వాంతులు, తిండి మానేయడం, కడుపు నొప్పి. నొప్పి ఉందని కుక్క నోటితో చెప్పలేదు. దాని నిలబడే తీరు చెబుతుంది. ముందుకాళ్ళు చాచి, రొమ్ము నేలకు ఆనించి, వెనుక భాగం పైకి ఎత్తి ఉంచుతుంది. సాష్టాంగ నమస్కారం చేయబోయి సగంలో ఆగినట్టు ఉంటుంది. నిద్ర లేచినప్పుడు ఒళ్ళు విరుచుకోవడానికి కూడా కుక్క ఇలాగే వంగుతుంది, కానీ అది ఒక్క క్షణమే. నొప్పితో ఉన్న కుక్క అలాగే ఉండిపోతుంది, మళ్ళీ మళ్ళీ అదే చేస్తుంది. కడుపు మీద చెయ్యి వేస్తే బిగబడుతుంది, మూలుగుతుంది. ఎప్పుడూ కరవని కుక్క కూడా పళ్ళు చూపవచ్చు. కొన్నింటిలో విరేచనాలు, జ్వరం, కళ్ళు పచ్చబడటం కూడా ఉంటాయి. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ అని గుర్తుంచుకోండి. మనతో పోల్చి జ్వరం అనుకోవద్దు.

ఒంట్లో నీరు ఎంత తగ్గిందో ఇంటి దగ్గరే చూడవచ్చు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలు ఆనించండి. తడిగా, జారుడుగా ఉండాలి. జిగురుగా, పొడిగా ఉంటే నీరు తగ్గినట్టే. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపల మళ్ళీ ఎర్రబడాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ సరిగా లేదని అర్థం. ఇది కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. వాంతి చేసుకునే ప్రతి కుక్కకూ క్లోమం వాపు అని అనుకోకూడదు. టీకాలు వేయించని కుక్కపిల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలు చేసుకుంటే ముందు పార్వో జబ్బును అనుమానించాలి. ఎముక ముక్కో, మామిడి టెంకో ప్రేగులో అడ్డుపడినా వాంతులే. ఎలుకజ్వరం, మూత్రపిండాల జబ్బు, విషప్రయోగం, అన్నింటికీ మొదటి గుర్తు వాంతే. ఏది ఏమిటో తేల్చడం డాక్టరు పని. తొందరగా తీసుకుపోవడం మన పని.

ఇంటి దగ్గర చేయకూడనివి కొన్ని చెబుతాను. విషం తిన్నదేమోనన్న అనుమానంతో కొందరు ఆముదమో, కొబ్బరి నూనో, పాలో పడతారు. మరికొందరు ఉప్పు నీళ్ళు గొట్టంతో పోసి కక్కిస్తారు. క్లోమం వాచిన కుక్కకు నూనె, పాలు పోయడమంటే మండే పొయ్యిలో ఇంకో పుల్ల వేయడమే. పైగా నీరసంగా ఉన్న కుక్క నోట్లో ఏది బలవంతంగా పోసినా అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం తేగలదు. రెండోది, మనం వాడే నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఎంత మాత్రం ఇవ్వవద్దు. ఒంట్లో నీరు తగ్గిన కుక్కలో అవి కడుపులో పుళ్ళు పుట్టిస్తాయి, మూత్రపిండాలను చెడగొడతాయి. మూడోది, నీరసం తగ్గాలని బలవంతంగా అన్నం కుక్కడం. ఇది కూడా కూడదు. చల్లని నీడలో పడుకోబెట్టి, కొద్దికొద్దిగా నీళ్ళు పెట్టి, అవీ నిలవకపోతే ఆపి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.

డాక్టరుగారితో చెప్పవలసిన సంగతులు ముందే గుర్తు చేసుకోండి. ఏమి తిన్నది, ఎప్పుడు తిన్నది, ఎన్నిసార్లు వాంతి అయింది, ఏ రంగులో అయింది, ఇంతకుముందు ఇలా వచ్చిందా, ఏ మందులు వాడుతున్నది, టీకాలు ఎప్పుడు వేయించారు. పండుగనాడు కొవ్వు పెట్టామని చెప్పడానికి మొహమాటపడవద్దు. ఆ ఒక్క మాట సగం రోగనిర్ణయం.

ఈ జబ్బును తేల్చడానికి ఒక్క పరీక్ష చాలదు. పూర్వం రక్తంలో అమైలేజ్, లైపేజ్ అనేవి చూసేవారు. కుక్కలలో అవి అంత నమ్మదగినవి కావని తేలింది. ఇప్పుడు క్లోమం నుంచే వచ్చే ప్రత్యేక లైపేజ్‌ను కొలిచే పరీక్ష ఉంది. కొన్నిచోట్ల ఆసుపత్రిలోనే కొద్ది నిమిషాలలో చేసే కిట్లు దొరుకుతాయి. ఇందులో జబ్బు లేదని వస్తే చాలావరకు నమ్మవచ్చు. ఉందని వస్తే మాత్రం మిగతా గుర్తులతో కలిపి చూడాలి. కడుపు స్కానింగ్ కూడా ఉపయోగమే, అయితే మొదటి రోజు స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. ప్రేగులో అడ్డు ఉందేమో చూడటానికి ఎక్స్‌రే తీస్తారు. ఈ సౌకర్యాలు లేని చిన్న ఆసుపత్రిలో అనుభవం గల డాక్టరు చేతితో పరీక్షించి, మీరు చెప్పిన వివరాలతోనే వైద్యం మొదలుపెడతారు. అది సరైన పనే. పరీక్షల కోసం వైద్యం ఆపకూడదు.

ఇక చికిత్స విషయానికి వద్దాం. ఈ వైద్యానికి నాలుగు కాళ్ళు. సెలైన్, వాంతి ఆపడం, నొప్పి తగ్గించడం, తగిన వేళకు తిండి.

మొదటిది, అన్నింటికన్నా ముఖ్యమైనది సెలైన్. పది కిలోల కుక్కకు ఆరోగ్యంగా ఉన్నప్పుడే రోజుకు సుమారు అర లీటరు నీరు కావాలి. వాంతులతో పోయింది దీనికి అదనం. రింగర్ లాక్టేట్ వంటి ద్రావణాన్ని రక్తనాళం ద్వారా ఎక్కిస్తే వాచిన క్లోమానికి రక్తం సరిగా అందుతుంది, మూత్రపిండాలు నిలబడతాయి. ఒక సీసాతో కుక్క లేచి తిరిగిందని వైద్యం మానేయవద్దు. రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. రాత్రి ఉంచుకునే వసతి లేనిచోట కాలికి పెట్టిన సన్నని గొట్టం తీయకుండా కట్టు కట్టి ఇంటికి పంపుతారు. కుక్క ఆ కట్టును కొరికేయకుండా చూడటం మీ బాధ్యత.

రెండోది, వాంతి ఆపే మందులు. మరోపిటంట్, ఒన్‌డాన్సెట్రాన్ అనే ఇంజక్షన్లు బాగా పనిచేస్తాయి. మూడోది, నొప్పి తగ్గించడం. బ్యూటోర్ఫనాల్, బ్యూప్రినార్ఫిన్, ట్రమడాల్ వంటి మందులలో ఏది ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. మూలగడం లేదు కదా, నొప్పి మందు దండగ అనుకోవద్దు. నొప్పితో ఉన్న కుక్క తినదు, తినకపోతే కోలుకోదు. యాంటీబయాటిక్ ఎందుకు రాయలేదని కొందరు అడుగుతారు. కుక్కలలో ఈ వాపు సాధారణంగా సూక్ష్మజీవుల వల్ల వచ్చేది కాదు. చీము పట్టిన గుర్తులుంటేనే ఆ మందులు అవసరం. వాపు మీదే పనిచేసే ఫ్యూజాప్లాడిబ్ అనే కొత్త ఇంజక్షన్‌కు 2022 నవంబరులో అమెరికా ఆహార ఔషధ సంస్థ షరతులతో అనుమతి ఇచ్చింది. అలాంటి మందులు అందుబాటులో లేకపోయినా, ఈ నాలుగు పనులూ వేళకు జరిగితే చాలా కుక్కలు బతుకుతాయి. తీవ్రంగా వచ్చినప్పుడు పెద్ద ఆసుపత్రిలో కూడా కొన్ని దక్కవన్నది నిజం. ఆలస్యం లేకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

నాలుగోది తిండి. ఈ విషయంలో వైద్యులు తమ పద్ధతి మార్చుకున్నారు. పూర్వం క్లోమానికి విశ్రాంతి కావాలని మూడు నాలుగు రోజులు కుక్కను పస్తుంచేవారు. అన్ని రోజులు తిండి లేకపోతే ప్రేగు గోడలే బలహీనపడతాయని తరువాత తెలిసింది. ఇప్పుడు వాంతి అదుపులోకి రాగానే, ఒకటి రెండు రోజులలోపే కొద్దికొద్దిగా పెట్టమంటున్నారు. తానుగా తినకపోతే ముక్కు ద్వారా సన్నని గొట్టం వేసి పలుచని ఆహారం ఇస్తారు.

ఏమి పెట్టాలి? మెత్తగా ఉడికిన అన్నం, తోలు తీసిన కోడి రొమ్ము మాంసం ఉడికించి పీచులుగా చేసినది. ఉడికిన నీళ్ళు చల్లారాక పైన తేలిన కొవ్వు తీసేయండి. ఉడికిన గుడ్డులో తెల్లసొన పెట్టవచ్చు, పచ్చసొన వద్దు. మాంసం వండని ఇళ్ళలో తాలింపు లేని పలుచని పెసరకట్టుతో అన్నం కలపండి. కోలారు, హోసూరు వైపు రాగి సంగటికి అలవాటుపడిన కుక్కకు మొదటి రోజులలో అన్నమే పెట్టి, తేరుకున్నాక కొంచెం కొంచెంగా సంగటికి తీసుకురండి. ఒక్క పూట పెట్టేదాన్ని నాలుగైదు సార్లుగా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, కారం, ఉప్పు, నెయ్యి, ఏదీ వద్దు. ఈ తిండి కొద్ది రోజులకు సరిపోతుంది. నెలల తరబడి ఇదే పెడితే సున్నపు ధాతువు, విటమిన్లు తక్కువవుతాయి. కాబట్టి ఆ తరువాత ఏమి పెట్టాలో, ఏమి కలపాలో డాక్టరును అడగండి. కొవ్వు తక్కువగా ఉండే తయారు దాణా కూడా దొరుకుతుంది.

ఒకసారి వచ్చిన కుక్కకు మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. కొన్నింటిలో ఇది దీర్ఘవ్యాధిగా మారుతుంది. నెలకోసారి ఒక రోజు తినదు, ఒకసారి కక్కుతుంది, మర్నాడు బాగానే ఉంటుంది. దాని స్వభావమే అంతలే అని వదిలేస్తాం. లోపల మాత్రం గ్రంథి కొంచెం కొంచెంగా అరిగిపోతూ ఉంటుంది. చివరికి రెండు ఇబ్బందులు రావచ్చు. ఇన్సులిన్ తగ్గి మధుమేహం వస్తే కుక్క విపరీతంగా నీళ్ళు తాగుతుంది, మూత్రం పోస్తుంది. జీర్ణరసాలు తగ్గితే ఎంత తిన్నా చిక్కిపోతుంది, లేత రంగులో జిడ్డుగా ఎక్కువ మలం పోతుంది. మొదటిదానికి ఇన్సులిన్ ఉంది. రెండోదానికి తిండిలో కలిపే జీర్ణరసాల పొడి ఉంది. రెండూ జీవితాంతం వాడవలసినవే.

మన సరిహద్దు ప్రాంతాల వారికి ఒక సూచన. జబ్బు తీవ్రంగా ఉంటే దగ్గరలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళడం మేలు. అది పక్క రాష్ట్రంలో ఉంటే సంకోచించవద్దు. హోసూరు, కోలారు వారికి బెంగళూరు హెబ్బాళలో కళాశాల ఉంది. తిరుత్తణి వైపు వారికి తిరుపతి, చెన్నై ఉన్నాయి. రాయచూరు వారికి బీదరు, హైదరాబాదు, బరంపురం వారికి భువనేశ్వరం, పర్లాకిమిడి వారికి విజయనగరం జిల్లా గరివిడి, యానాం వారికి గన్నవరం, చంద్రపూర్, సిరోంచ వారికి నాగపూరు. దూరం ఎక్కువైతే ముందు ఊళ్ళోని డాక్టరు చేత సెలైన్, నొప్పి మందు, వాంతి మందు ఇప్పించి ఆ తరువాత ప్రయాణం పెట్టుకోండి. చాలా రాష్ట్రాలలో 1962 నెంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వివరాలు చెబుతారు. కుక్కలకు వస్తారో లేదో అడిగి తెలుసుకోండి.

చివరిగా నివారణ. పండుగనాడు కుక్కకు దాని మామూలు తిండి ముందే పెట్టేయండి. ఆకలి తీరిన కుక్క విస్తళ్ళ వెంట పడటం తగ్గుతుంది. ఎంగిలి విస్తళ్ళు మూత ఉన్న తొట్టిలోనో, పూడ్చిన గోతిలోనో వేయించండి. చుట్టాలకు, ముఖ్యంగా పిల్లలకు, గారె ముక్కలు, అరిసెలు, కొవ్వు ముక్కలు విసరవద్దని చెప్పండి. దానికీ పండుగ చేయాలనిపిస్తే కొవ్వు లేని ఉడికిన ముక్క ఒకటి రెండు చాలు. రోజూ నడిపించండి. పక్కటెముకల మీద వేళ్ళు ఆనిస్తే ఎముకలు చేతికి తగలాలి. తగలకపోతే ఒళ్ళు పెరిగినట్టే. పిడుదులు లేకుండా చూడండి, టీకాలు వేళకు వేయించండి.

శ్రోతలారా, ఇంతసేపు చెప్పినదానిలో మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు. కొవ్వు ముద్ద పెట్టవద్దు. వాంతులతో పాటు కడుపు నొప్పి కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. నూనెలు, మన నొప్పి మాత్రలు ఇంట్లో ప్రయోగించవద్దు. మన గడప నమ్ముకున్న ప్రాణి అది. ఏది పెట్టినా నమ్మి తింటుంది. ఏది పెట్టాలో తెలుసుకోవడం మన వంతు.